ఎనభై మూడో వరుస

చిట్టితల్లికి నాన్న దీవెనలు.

ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలు మెట్లతోనూ, అమ్మ నాతోనూ పోట్లాడుతూనే ఉన్నారు.

ఈ వయసులో ఇంకా ఆ పనేంటని అడిగావు. కంప్యూటర్ ప్రోగ్రాముల్లో ఏ ఫంక్షన్ ఏం పని చేస్తుందో దాని కోడ్ చదివి, వాడుకునేవాళ్లకి మామూలు మాటల్లో ఒక్కోదానికి ఒక పేజీ రాసిపెట్టడం. ఎవరూ నేర్పింది కాదు. కుర్రతనంలో రేడియోలు విప్పేవాణ్ణి కదా. పెట్టె మీద ఏం రాసున్నా, లోపల తీగ ఎటు పోతే పాట అటే. మీ తాతయ్య రేడియో విప్పి బిగిస్తే వార్తలు పోయి ఈల మిగిలింది. పాపం, నా మనసు నొచ్చుకుంటుందని నెల రోజులు ఆ ఈలే విన్నాడు! సరే, అసలు సంగతికొస్తాను.

నిన్న మేనేజరమ్మ నా బల్ల దగ్గరికొచ్చింది. ఫైలుకు నకలు తీసే ఫంక్షన్ పేజీలో నేను మార్చిన వాక్యం చూపించింది.

"పెద్దాయనా, 'అదే పేరుతో పాత ఫైలుంటే ముట్టుకోదు' అని మూడేళ్లుగా ఉంది. ఇప్పుడు 'చెరిపేస్తుంది' అంటే మన పరువేం కాను? వచ్చే నెల కోడ్ సరిచేస్తారు. అందాకా పాతదే ఉంచండి."

"అందాకా పోయే ఫైళ్లు ఎవరు తెచ్చిస్తారమ్మా?"

"మొండికేస్తే మీ కాంట్రాక్టు పొడిగించలేను."

"పొడిగించకండి. వాక్యం మాత్రం మార్చను."

ఇక నీ రెండో ప్రశ్న. నువ్వు రెండేళ్లు పొద్దున్నే నదిలో దిగి రాసుకున్న నీటిమట్టం కొలతలు, మా పేజీ నమ్మి తీసిన ఒక్క నకలుతో తుడిచిపెట్టుకుపోయాయి. "ఆ పేజీ రాసినవాడెవడో కనుక్కో నాన్నా, కడిగి పారేస్తాను" అన్నావు.

కనుక్కున్నాను తల్లీ. నేనే.

ఆ కోడ్ నూట నలభై వరుసలు. పైన, ఆ కోడ్ రాసినవాడు పాత ఫైలు ముట్టుకోదని పెట్టిన వివరణ ఒక్క వరుస. ఆ ఒక్కటీ నమ్మి పేజీ రాసేశాను. రేడియోలు విప్పినవాణ్ణి, పెట్టె మీది అక్షరాలు చూసి మోసపోయాను. నీ ఉత్తరం అందాక కూర్చుని అంతా చదివాను. ఎనభై మూడో వరుసలో పాత ఫైలు చెరిగిపోతోంది.

మా పేజీల మీద ఎవరి పేరూ ఉండదు. ఇవాళ ఆ పేజీ నెత్తిన హెచ్చరిక పెట్టి, కింద నా పేరు రాశాను. తియ్యాలనుకుంటే నన్నూ కలిపే తియ్యాలి.

ఆదివారం బస్సుకి వస్తున్నాను. కడుగుతానన్నావుగా, కడుగు. ఆ తర్వాత నీతోపాటు నదిలో దిగుతాను. కొత్త పుస్తకంలో మొదటి కొలత నేనే రాస్తాను, కళ్లారా చూసి మరీ.

ఇట్లు,
ఆ పేజీ రాసినవాడు,
మీ నాన్న