ఒక ముద్ద తినేసెళ్ళరా

జూన్ 9, సోమవారం
కాలేజీ ఫిల్మ్ క్లబ్‌లో ‘ఇంకో రేవు’ చూశాను. లోకనాథ్ తీసినవి రెండే సినిమాలు. రెండూ ఆడలేదు. ఆయన పోయాక కుర్రాళ్ళంతా దేవుడంటున్నారు.

ఇందులో తల్లిగా వేసినావిడ నటి కాదు. అంతర్వేది వైపు చేపలమ్ముకునే నాగదుర్గ గారు. తెల్లవారకముందే కొడుకు వల భుజాన వేసుకుని బయల్దేరతాడు. ఆవిడ గుమ్మంలోంచి, ఒక ముద్ద తినేసెళ్ళరా అంటుంది. వాడు తినడు. తిరిగి రాడు. సినిమా మొత్తానికి ఆవిడకున్న మాట అదొక్కటే.

ఇంటికొచ్చి నోట్‌బుక్‌లో పేజీ మధ్యన రాసుకున్నాను. చుట్టూ ఇంకేమీ రాయబుద్ధి కాలేదు.

జూన్ 22, ఆదివారం
ఇన్‌స్టా నిండా ఆ డైలాగే. ఒకడు కుక్కకి బిస్కెట్ పెడుతూ అంటున్నాడు. నాన్న కూడా మా బట్టల షాపుకి టీషర్టులు తెప్పించారు. వాటి మీద నాగదుర్గ గారి మొహం, దానికి కూలింగ్ గ్లాసులు. ఫ్లెక్సీకి రెండో లైను కావాలట. మాటలన్నీ నీ దగ్గరే ఉంటాయిగా, ఏదోటి పడెయ్యవే దివ్యా అన్నారు. నిమిషంలో ఇచ్చాను.

ఒక ముద్ద తినేసెళ్ళరా, ఒక షర్టు కొనేసెళ్ళరా!

పాలకొల్లు బస్టాండ్ ఎదురుగా నా మాట, పన్నెండడుగుల ఎత్తున. రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాను.

జూన్ 30
క్లాసులో పదకొండుమంది ఆ టీషర్టులు వేసుకొచ్చారు. సినిమా చూశావా అని జయంత్‌ని అడిగాను. ఏ సినిమా అన్నాడు.

జూలై 13, ఆదివారం, సాయంత్రం 7
క్లబ్ వాళ్ళు మళ్ళీ షో వేసి నాగదుర్గ గారిని పిలిచారు. వెళ్ళి తీసుకొచ్చింది నేనే. ఆవిడ ఈ సినిమా ఎప్పుడూ చూడలేదట.

హాల్లో సగం మంది ఆ టీషర్టుల్లోనే. గుమ్మం సీను వచ్చింది. తెర మీద ఆవిడ నోరు తెరవకముందే హాలంతా అరిచింది. వెంటనే నా రెండో లైను. ఈలలు, నవ్వులు. నేనూ అరిచాను. నోరు దానంతటదే కదిలింది.

పక్క సీట్లోంచి ఆవిడ నా వైపు వంగి, ఏంటమ్మా నవ్వుతున్నారు, నేనేమన్నా తప్పు మాటన్నానా అని అడిగారు.

తిరిగి దింపడానికి నర్సాపురం రేవులో పంటు ఎక్కాం. గోదావరి మధ్యలో చెప్పారు. ఆ మాట లోకనాథ్ రాయలేదట. మీ అబ్బాయి వేటకెళ్ళి తిరిగిరాని రోజున మీరేమన్నారండి అని ఆయనే అడిగారట. ఇదే అన్నాను బాబూ అంటే, ఇష్టమైతేనే అనండి, ఒక్కసారే తీస్తాను అన్నారట. ఒక్కసారే తీశారు. ఆ తర్వాత ఆవిడ ఆ మాట ఎవరితోనూ అనలేదు. మనవలు బయటికెళ్తుంటే కంచం ముందు పెట్టి ఊరుకుంటారట.

దిగేటప్పుడు నా తల నిమిరి, అందరికంటే నీ గొంతే గట్టిగా వినబడిందమ్మా, మంచి గొంతు అన్నారు. ఎత్తిపొడుపు కాదు. అదే తట్టుకోలేకపోతున్నాను.

జూలై 14
ఫ్లెక్సీ తీసెయ్యమన్నాను. దసరా దాకా స్టాకుందే తల్లీ, అయినా ఆ మహాతల్లిని ఊరందరికీ చూపిస్తుంటే తప్పేంటి అన్నారు నాన్న. రాసింది నువ్వే కదా అని కూడా అన్నారు.

జూలై 15
ఫోన్లో ఆ సీను పెట్టాను. ఆవిడ మాట అయిపోగానే నా లైను వచ్చేస్తోంది. సౌండ్ తీసేసి చూశాను. అయినా వచ్చింది.

జూలై 18, పొద్దున్న 7.40
కాలేజీకి బయల్దేరుతుంటే అమ్మ వంటింట్లోంచి, ఒక ముద్ద తినేసెళ్ళవే అంది. అమ్మ రీల్స్ చూడదు.

చెప్పులు విప్పి కూర్చున్నాను. బస్సు వెళ్ళిపోయింది. మారు వడ్డించమన్నాను.