రొట్టెల సందు

ఫిబ్రవరి 6

ప్రియమైన చీమకి,

నీ అక్షరాలు చీమల బారులా ఉంటాయని ఎనిమిదో తరగతిలో నేను పెట్టిన పేరు ఇది. నీ ఆఫీసులో ఎవరికీ తెలియదు కదా?

నా కాలి పుండు సంగతి నీకు తెలుసు. షుగరు ఉన్న ఒంటికి అది మానదు, పెరగకుండా చూసుకోవాలి. ఇన్నేళ్ళూ జిల్లా కౌన్సిల్ నర్సు మంగళవారం, శుక్రవారం ఇంటికొచ్చి కట్టు మార్చి వెళ్ళేది. జనవరి నుంచి రావడం లేదు. ఇప్పుడు మా చెల్లెలు మారుస్తోంది. దానికి పుండు చూస్తే కళ్ళు తిరుగుతాయి. మొహం గోడవైపు తిప్పుకొని కడుతుంది. నిన్న నా కాలుతో పాటు కుర్చీ కాలు కూడా కలిపి కట్టేసింది.

చెత్త బండి కూడా మా సందులోకి రావడం మానేసింది. బండివాణ్ణి ఆపి అడిగితే, "మీది లిస్టులో లేదు టీచరమ్మా" అన్నాడు.

నువ్వు పనిచేసేది ఆ కౌన్సిల్ భవనంలోనే. సిఫారసు చెయ్యమనడం లేదు. మా పని ఏ బల్ల దగ్గర ఆగిపోయిందో కనుక్కో, చాలు.

నీ టీచరు


ఫిబ్రవరి 19

ప్రియమైన టీచర్ గారికి,

మా రికార్డుల గది నేల కింద ఉంది. నర్సుల విభాగం రెండో అంతస్తులో. మెట్లెక్కి వెళ్ళి అడగడానికి నాకు మూడు రోజుల ధైర్యం కావలసివచ్చింది.

అక్కడి ఆవిడ లిస్టు తీసి చూసింది.

"రొట్టెల సందు ఉందమ్మా, స్టేషన్ వెనకాల. కొత్త నర్సు నాలుగుసార్లు వెళ్ళొచ్చింది. అక్కడ టీచరమ్మ ఎవరూ లేరట."

"అది వేరే రొట్టెల సందండీ. వీళ్ళది పాత మిల్లు వైపు."

"లిస్టులో ఒకటే ఉంది."

"ఊళ్ళో రెండున్నాయండీ."

"ఉంటే ఉండొచ్చు. ఊళ్ళో ఉంటే సరిపోదు కదా, లిస్టులో ఉండాలి."

అర్జీ పెట్టమంది. పెట్టాను. దాన్ని రోడ్ల విభాగానికి పంపారు. వాళ్ళ జవాబు నిన్న వచ్చింది: 'సదరు సందు జాబితాలో లేనందున అర్జీ పరిశీలించబడదు.'

మీరు చూస్తే మండిపడతారు. ఇక్కడ ప్రతి వాక్యమూ 'బడును', 'బడినది' అనే ముగుస్తుంది. 'బడు వేస్తే పని చేసినవాడు వాక్యంలోంచి పారిపోతాడు, చెవి పట్టుకొని లాక్కురండి' అని మీరు చెప్పేవారు. ఈ భవనంలో అందరూ పారిపోయినవాళ్ళే.

అన్ని విభాగాల లిస్టులకూ మూలం వీధుల రిజిస్టరు. అది మా గదిలోనే ఉంటుంది. పాత పుస్తకం తీసి చూస్తాను. ఈలోగా మీరు పెద్దాసుపత్రికి వెళ్ళండి. దయచేసి వెళ్ళండి.

మీ చీమ


మార్చి 11

ప్రియమైన చీమకి,

వెళ్ళొచ్చాను. డాక్టరు మూడు రోజులకోసారి రమ్మన్నాడు. రెండు బస్సులు మారాలి. అంత తిరగగలిగే కాలే ఉంటే ఆస్పత్రితో నాకేం పని? రెండోసారి మెట్టు దిగుతూ పడబోయాను. మూడోసారి వెళ్ళలేదు.

అర్జీ చూసేది లేదన్న రోడ్ల విభాగం నుంచే మొన్న ఒకాయన టేపు పట్టుకొని వచ్చాడు. ఈ మొదలు నుంచి ఆ చివరిదాకా కొలిచి, చెమట తుడుచుకొని, "సందు ఉందండీ" అన్నాడు.

"నాకూ అదే అనుమానం బాబూ" అన్నాను.

నవ్వలేదు. రాసుకొని వెళ్ళిపోయాడు. మా చెల్లెలు మాత్రం ఆ పూటంతా నవ్వుతూనే ఉంది.

ఒక మాట నీకే చెబుతున్నాను. చిటికెన వేలు నల్లబడింది. చెల్లెలు ఎలాగూ చూడదు, నేనూ చెప్పలేదు.

పాత రిజిస్టరు తీసి చూస్తానన్నావు. అందులో ఏముందో రాయలేదు.

నీ టీచరు


ఏప్రిల్ 9

ప్రియమైన టీచర్ గారికి,

ఆలస్యానికి క్షమించండి. రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

రిజిస్టరు చూశాను. పన్నెండు వందల వీధులున్న పుస్తకం. అంచులు చిరిగిపోతున్నాయని కిందటి నవంబరులో కొత్త పుస్తకంలోకి ఎక్కించారు. అప్పుడు పాత పుస్తకంలో రొట్టెల సందు రెండోసారి కనిపించిన చోట, పొరపాటున ఒకే పేరు రెండుసార్లు పడిందనుకొని, ఆ వరుస కొట్టివేయబడింది. స్కేలు పెట్టి, ఎర్ర సిరాతో.

ఆ కొత్త పుస్తకాన్ని కౌన్సిల్ ఆమోదించింది. ఇప్పుడు అందులో ఒక్క వరుస చేర్చాలన్నా సభ్యులందరి సమావేశంలో తీర్మానం కావాలి. సమావేశం మూడు నెలలకోసారి.

నిన్న జరిగింది. వెనక బల్ల మీద కూర్చున్నాను. మీ సందు నలభై ఒకటో అంశం. ముప్ఫై ఎనిమిదోది సమావేశ మందిరం కుర్చీల రంగు. దాని మీద గంటన్నర మాట్లాడారు. ఆకుపచ్చ కావాలన్నవాళ్ళు ఓడిపోయి లేచి వెళ్ళిపోయారు. మిగిలిన తలలు సరిపోలేదని అధ్యక్షుడు సమావేశం ముగించారు. ఇక జూలైలోనే.

మెట్ల దగ్గర మీ వైపు సభ్యుణ్ణి ఆపాను. నేనే ఆపాను టీచర్ గారూ.

"జూలైలో చూద్దాంలే చెల్లీ. సందు ఎక్కడికీ పోదుగా" అన్నాడు.

కాలు పోతుందని చెప్పాలనుకున్నాను. పక్కకి జరిగి దారిచ్చాను.

మీ చీమ


మే 20

ప్రియమైన చీమకి,

పెద్దాసుపత్రి మంచం మీద నుంచి రాస్తున్నాను. పాదం తీసేశారు, చీలమండ పై నుంచి. పోయిన వేళ్ళు ఇంకా దురద పెడుతున్నాయి. లిస్టులో లేనివి కూడా ఉంటాయన్నమాట.

మా చెల్లెలు ఇప్పుడు మొహం తిప్పుకోవడం లేదు. సూటిగా చూసి కడుతోంది. ఇన్నాళ్ళకి నేర్చుకుంది.

నీ ఏప్రిల్ ఉత్తరం దీనితో పాటు తిప్పి పంపుతున్నాను. ఒక్క మాట కింద ఎర్రగీత పెట్టాను, చూసుకో. బడి వదిలిన తరువాత నువ్వు నాకు రాసిన ఏ ఉత్తరంలోనూ 'బడు' లేదు. ఈ ఒక్క చోటే ఉంది. ఆ వాక్యం దిద్ది తిరగరాసి పంపు.

స్కేలు పెట్టి కొట్టెయ్యడం నేర్పింది నేనే. రెండుసార్లు వచ్చిన మాట కంటబడితే ఆలోచించకుండా కొట్టెయ్యమన్నదీ నేనే. దిద్దేటప్పుడు అది కూడా కలుపు.

నీ టీచరు


జూలై 16

టీచర్ గారికి,

మొదట రాసే 'ప్రియమైన' ఎందుకు వదిలేశానో మీకు తెలుసు.

నిన్న సమావేశంలో మీ సందు మూడో అంశంగా వచ్చింది. ఎవరూ మాట్లాడలేదు. చేతులెత్తారు, దించారు. నిమిషం కూడా పట్టలేదు. మంగళవారం నుంచి నర్సు వస్తుంది. వచ్చి ఏం చేస్తుందో నాకు తెలియదు.

దానికి ముందు, జరిగినదంతా కాగితం మీద రాసి మా అధికారికి ఇచ్చాను. ఆయన చదివి కళ్ళద్దాలు తీశారు.

"ఫైల్లో 'నేను' అనే మాట ఉండకూడదమ్మా. పొరపాటున తొలగించబడినది. అంతే. నీ ఉద్యోగానికీ అదే మంచిది."

"కొట్టేసింది నేనేనండీ."

"కావచ్చు. ఫైలుకి అది అనవసరం."

నా కాగితం నాకే ఇచ్చేసి, తన వాక్యం టైపు చేయించారు. నా సంతకం కూడా అడగలేదు. ఆ ఫైలు ఎన్నేళ్ళు ఉన్నా అందులో ఎవరూ ఉండరు. అందుకని ఆ వాక్యం మీకు రాస్తున్నాను.

కిందటి నవంబరులో మీ సందును నేను కొట్టేశాను. మార్చిలో పాత పుస్తకం తెరవగానే నా గీతను గుర్తుపట్టాను. గుర్తుపట్టి, మీకు చెప్పకుండా దాక్కున్నాను.

మీరు కలపమన్నది కలపలేదు. ఈ వాక్యాలు రాసింది ఒక్కర్తే, చేసిందీ ఒక్కర్తే.

ఇంకా తప్పులుంటే దిద్ది పంపండి.

చీమ