ఆదివారం లెక్కలో నీ పూలు

సరోజా,

నువ్వు చెప్పింది తప్పు. "నా కోడలికి సిగ్గు జాస్తి, పస్తయినా ఉంటాది గానీ ఇంటి ఖర్చు మీ ముందర చెప్పదు" అంటివే, చెప్పింది. నువ్వు పోయి రేపటికి ఏడాది. ప్రతి ఆదివారం మన ముగ్గురం కూర్చొని వారం ఖర్చు చదివి వినిపించుకున్న మా వసారాలో, మొన్న నీ చోట ఆ పిల్ల కూర్చునింది.

నీ కొడుకు పనిచేసే పట్టుదారం షెడ్డు మూతపడింది. నీ కోడలు కమ్మలు కుదవ పెట్టేదానికి పోతాంటే, పుంగనూరు బస్సు దిగిన మన శకుంతల మదనపల్లె బస్టాండులో పట్టుకొని "ముందు లెక్క, ఆ తర్వాతే కుదవ" అని నేరుగా ఇటే తీసుకొచ్చింది. మన కట్టుబాటే కదా.

చదువుతాంటే అడ్డం పడి "ఈ ఖర్చు యాల?" అని అడగడం ఎప్పుడూ నా వంతే. కేబుల్ తీసేయించాను, ఆటో తీసేయించాను. "శుక్రవారం అత్త ఫొటోకు పూలు" అని చదివి ఆగింది ఆ పిల్ల. నేను పెరట్లోకి చూస్తా కూర్చున్నాను. నవ్వకు.

చివరికి తనే అడిగింది. "ఇదీ మానేసేదా పెద్దమ్మా?"

"కొనేది మానెయ్. మా పెరట్లో కనకాంబరాలు ఉండాయి, వచ్చి కోసుకోని పో" అన్నాను.

ఈ నెలకు కమ్మలు చెవులకే ఉండాయి.

సాంబారు పొడి పాకెట్టు మాత్రం మాన్పించలేకపోయాం. నీ కొలత ఎవరికీ చెప్పకుండా పోతివి. ఈ వారంలో ఆమె కలలోకి పోయి, ధనియాలు ఎన్ని, మిరపకాయలు ఎన్ని, నిదానంగా చెప్పిరా. రాసుకునేదాకా ఉండు.