పెరట్లో కొట్టిన మందు

మార్తా,

నువ్వు పోయాక ఇది రెండో ఎండాకాలం. నీ బెండ మొక్కలు ఈసారీ కాపుకొచ్చాయి. స్నానం చేసిన నీళ్లే రోజూ మోసి పోస్తున్నాను. నడుం పట్టేస్తోంది.

మొన్న మిరప చేలో మందు కొట్టగా ట్యాంకు అడుగున కాస్త మిగిలింది. పారబోయబుద్ధి కాలేదు. బెండాకుల కింద పేనుబంక కనబడితే వాటి మీద కొట్టేశాను. పెరట్లోకి మందు డబ్బా రానిచ్చేదానివి కాదు నువ్వు. ఆ సంగతి గుర్తుండే కొట్టాను.

ఈ పొద్దున పక్కింటి బీబమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. కూతురు పురిటికి వచ్చిందట.

"నాలుగు బెండకాయలు కోసుకుంటా అన్నయ్యా. బజారు కాయంతా మందే. వదిన పెరడంటే నాకు నమ్మకం" అంది.

ఆమె రెండు కాయలు తుంచేదాకా చూస్తూ నిలబడ్డాను. తర్వాత చెప్పాను.

"ఓరి దేవుడో! కలుపు పీకే ఓపిక లేదంటావు, మందు కొట్టే ఓపిక మాత్రం ఉందా నీకు?" అని కాయలు అక్కడే పారేసి, చేతులు రెండుసార్లు కడుక్కుంది.

మొక్కలన్నీ పీకి, గొయ్యి తీసి పూడ్చాను. అంతసేపూ ఆమె అక్కడే నిలబడింది.

"మళ్లీ గింజలెయ్యి. పిల్ల పురిటికి ఇంకా రెండు నెలలుంది" అని ఖాళీ గిన్నెతో వెళ్లిపోయింది.

బెండ కాపుకి నెలన్నర పడుతుంది. నువ్వు బూడిద కలిపి దాచిన గింజలు మధ్యాహ్నం నానబెట్టాను. పాతబడ్డాయి. ఎన్ని మొలుస్తాయో తెలియదు.