యుమ్మా పుట్టిన కోటదిబ్బ

రాస్ అల్ ఖైమా

మా పెద్దక్క మస్తానమ్మకు నీ చెల్లెలు హుసేనమ్మ సలాములు.

నేను బాగుండా. నువ్వూ, బావా, పిల్లోళ్లూ బాగుండారని తలుస్తాండా. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఫోన్లో అయితే ఇద్దరం ఏడ్చుకుంటాం గానీ మాట సాగదు. అందుకే ఊరికొస్తాండే ఖాదరన్న చేతికి ఈ జాబు ఇస్తాండా.

ఇక్కడ గల్ఫులో ఎండలు తగ్గినాయి. అన్నం, పప్పు నాకు నేనే వండుకుంటాండా, బెంగ పెట్టుకోవద్దు. పనంటే ఈ ఇంటి ముసలామెను చూసుకునేదే. ఇంట్లో అందరి మాదిరే నేనూ ఆమెను యుమ్మా అంటా, అమ్మా అని.

యుమ్మా వాళ్ల నాయన ఒకప్పుడు కోటకు కాపలా ఉండేవాడంట. కోట కింద దొడ్డిలోనే వాళ్ల కాపురం. ఒకసారి తీసుకపోరా అని కొడుకును రోజూ అడిగేది. పోయిన శుక్రవారం ఆయప్ప మమ్మల్ని కారులో తీసుకపోయినాడు. కోటేం లేదక్కా. మనుషులు గంపలతో పోసి ఎత్తు చేసిన మట్టిదిబ్బ, చుట్టూ పూడిపోయిన కందకం, కింద గోడలు కరిగిపోయిన దొడ్డి. అంతే.

"చూసినావు కదా, ఖలాస్, పోదాం" అన్నాడు కొడుకు, ఫోన్ చూసుకుంటా.

యుమ్మా నా చెయ్యి పట్టుకుని "యల్లా హుసేనా, పదా" అని దిబ్బ ఎక్కబట్టింది. సగానికి పోయినాక కాళ్లకింద గులకరాళ్లు జారినాయి. ఆమెను ఒళ్లోకి లాక్కుని నేను కింద పడినా. ఇద్దరం జర్రున జారినాం. నా మోచెయ్యి గీసుకపోయింది. ఆమెకేం కాలా.

కొడుకు ఉరుక్కుంటా వచ్చి "రేపే నిన్ను ఇండియాకు పంపిస్తా" అని అరిచినాడు.

"ఈ పిల్లను లాక్కొచ్చింది నేను. కోపముంటే నా మీద చూపించు. ముందు కూర్చో" అనింది యుమ్మా.

కొడుకు తన తెల్లబట్టలతోనే మట్టిలో కూర్చున్నాడు. అదిగో, అక్కడ మేకల్ని కట్టేసేవాళ్లం, అక్కడ మా అమ్మ రొట్టెలు కాల్చేది, ఆ మూలన నన్ను కనింది అని యుమ్మా ఒక్కోటే చూపిచ్చింది. ఆయప్ప ఇన్నేండ్లలో ఇయ్యన్నీ ఎప్పుడూ అడగలేదంట.

"తాత యాడ పండుకునేవాడు?" అన్నాడు మెల్లిగా.

"పైన."

ఇద్దరం రెండు పక్కలా పట్టుకుని ఆమెను పైకి చేర్చినాం. పైన ఏముంది, గాలి, దూరంగా సముద్రం. ఆమె మాత్రం సొంతింటికి వచ్చినట్లు కాళ్లు చాపుకుని కూర్చునింది. దిగినాక కొడుకే నీళ్లసీసా తెచ్చి మోచెయ్యి కడుక్కోమన్నాడు. పంపించే మాట మళ్లీ ఎత్తలా. నువ్వు భయపడొద్దు.

పెద్దమ్మకు, చిన్నాయనకు నా సలాములు చెప్పు. నమాజులో నా పేరు మరవొద్దు, నాకోసం దువా చెయ్యి.

ఇంకొక్క మాటక్కా. తిరిగొచ్చే దోవలో యుమ్మా "నువ్వు యాడ పుట్టినావే?" అని అడిగింది. ఊరి పేరు చెప్పినా. "ఊరు కాదే, ఇంట్లో యా మూల?" అనింది. నాకు తెలీదు. అమ్మ ఉన్నప్పుడు అడగాలని తోచలా. నువ్వు పెద్దదానివి, నీకు గుర్తుంటాది. నన్ను కన్న తావు యాడో రాసి పంపు.

నీ చెల్లెలు
హుసేనమ్మ