మహారాణి గట్టి లెన్సులు

3వ తేదీ, సోమవారం
ఇక నా ముక్కుకు విముక్తి! ఇన్నేళ్ళుగా దాని మీద తిష్ఠ వేసిన కళ్ళజోడును ఖాళీ చేయిస్తున్నాను.

కారణం మా వీధి నాటకం. నాది మహారాణి వేషం. దర్శకుడు పళ్ళ డాక్టరు. అందరి నోళ్ళూ తెరిపించే మనిషి, నా నోరు మాత్రం మూయించాలని చూస్తాడు. “మహారాణికి కళ్ళజోడేంటి పెద్దమ్మగారూ? తీసేసి నడవండి. కుదరదంటే వేషం మీ తోటికోడలుగారికి ఇచ్చేస్తా” అన్నాడు.

తీసేసి నడిచాను. సేనాపతి అనుకుని స్తంభానికి ఆజ్ఞలిచ్చాను.

5వ తేదీ, బుధవారం
కంట్లో పెట్టుకునే లెన్సుల కోసం కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. నాకు దూరమూ ఆనదు, దగ్గరా ఆనదు. పైగా కంటి ముందు పొర వంకరట. “మెత్తటి లెన్సులు ఆ వంకరకి చాలవండీ. గాలి ఆడే గట్టి లెన్సులైతే చూపు తేటగా ఉంటుంది. మొదట్లో గుచ్చుకున్నట్టుంటుంది, తర్వాత అలవాటైపోతుంది.”

నన్ను అత్తవారింటికి పంపేటప్పుడు మా అమ్మ కూడా అచ్చం ఇదే మాట అంది.

గట్టివే ఎంచుకున్నాను. మెత్తదనం నాకు మనుషుల్లోనే సరిపడదు. ఒకే లెన్సులో పైభాగం దూరానికి, కిందిభాగం దగ్గరికి. “చదివేటప్పుడు తల వంచకండి, కళ్ళు మాత్రం దించండి. కిందిరెప్ప లెన్సుని ఆపుతుంది, దగ్గరి భాగం కంటిపాప ముందుకొస్తుంది” అంది.

“తల వంచడం నాకెటూ రాదులేమ్మా” అన్నాను.

ప్రతిజ్ఞ: రోజూ కొంచెం కొంచెం పెంచుతూ, నాటకం నాటికి పగలంతా లెన్సులే. కళ్ళజోడు ముట్టను!

12వ తేదీ, బుధవారం
వచ్చేశాయి! గోరంత ఉన్నాయి. అద్భుతం! గోడ మీది బల్లి, కాలెండరులో సన్నక్షరాలు, నేను మాట్లాడుతుంటే కోడలు ముఖం చిట్లించడం, అన్నీ కనిపిస్తున్నాయి. చివరిది నాకు కొత్త.

కళ్ళు మాత్రం ధారగా కారుతున్నాయి.

“నాన్నమ్మా, అమ్మ ఏమన్నా అందా?” అంది మనవరాలు.

“లేదే. సుఖంగా ఉన్నాను.”

14వ తేదీ, శుక్రవారం
వీధిలో దుమ్ము. లెన్సులకు సెలవు.

15వ తేదీ, శనివారం
కోడలు ఉల్లిపాయలు తరిగింది. నేను పక్క గదిలోనే ఉన్నాను. అయినా ముందుజాగ్రత్త.

16వ తేదీ, ఆదివారం
కళ్ళకు మాత్రం ఆదివారం ఉండొద్దా? కళ్ళజోడు పెట్టుకోలేదు. చేత్తో పట్టుకుని అందులోంచి చూశాను. అది పెట్టుకోవడం కిందికి రాదు.

19వ తేదీ, బుధవారం
రిహార్సలు. లెన్సులతో వెళ్ళాను. మెట్లెక్కాను, సింహాసనం మీదే కూర్చున్నాను. ఇక శత్రురాజు పంపిన లేఖ చదవాలి.

“లేఖ పైకెత్తి చదవండి పెద్దమ్మగారూ, మీ ముఖం జనానికి కనపడాలి” అన్నాడు దర్శకుడు.

పైకెత్తితే అంతా చీమల బారు. దగ్గరి చూపు లెన్సు అడుగున ఉంది, లేఖ ఆకాశంలో ఉంది.

“కిందికి పట్టుకుని, కళ్ళు దించి చదువుతాను.”

“మహారాణి కళ్ళు దించదండీ!”

“ఈ మహారాణి దించకపోతే చదవలేదు నాయనా!”

కోపంతో కళ్ళు గిర్రున తిప్పాను. కుడి లెన్సు మాయం! మంత్రి, సేనాపతి, చెలికత్తెలు, కొలువంతా మోకాళ్ళ మీద నేల తడుముతున్నారు. ఇంత మర్యాద మా ఇంట్లో నాకెప్పుడూ దక్కలేదు.

చివరికి నాతో వచ్చిన మనవరాలు టార్చి వేసి చూసింది. “నాన్నమ్మా, నీ కంట్లోనే ఉంది. మూలకి జారింది.”

కొలువు లేచింది. మోకాళ్ళు దులుపుకుంది. ఎవరూ నా వైపు చూడలేదు. దర్శకుడు నా కిరీటం తీసి, రిహార్సలు చూడ్డానికి వచ్చిన తోటికోడలి నెత్తిన పెట్టాడు. నాకు తెర పక్కన నిలబడి సంభాషణలు అందించే పని ఇచ్చాడు.

“బాధపడకక్కా. నాకింకా కళ్ళజోడు రాలేదుగా, అందుకని...” అంది తోటికోడలు.

కిరీటం దానికి వదులు. ఈ సంగతి రాసుకోవడం నాకు చాలా అవసరం.

20వ తేదీ, గురువారం
లెన్సుల డబ్బా బీరువాలో. కళ్ళజోడు ముక్కు మీద. ఇంట్లో ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. అంటే జాలిపడుతున్నారన్నమాట. కోడలు అడగకుండానే కాఫీ ఇచ్చింది. ఎంత అవమానం!

23వ తేదీ, ఆదివారం
నాటకం. తోటికోడలు బాగానే నడిచింది. లేఖ పైకెత్తింది. దగ్గరికి తెచ్చింది, దూరంగా పెట్టింది, దీపం వైపు తిప్పింది. దానికీ అక్షరం ఆనడం లేదు!

నిజం రాయాలి కదా, మొదట సంతోషించాను. అంతలో అది తెర వైపు తిరిగి నా కోసం వెతకడం కనిపించింది. జనంలో ఎవరో నవ్వారు.

పక్కనున్న మైకు లాక్కున్నాను. లేఖంతా నేనే చదివాను, ఇన్నాళ్ళూ దాచుకున్న మహారాణి గొంతుతో. అది తల ఎత్తి, కదలకుండా వింది. చప్పట్లే చప్పట్లు!

“అది మహారాణి అంతరాత్మ. నా ఆలోచనే” అని దర్శకుడు అందరికీ చెప్పుకుంటున్నాడు. అంతరాత్మకు కళ్ళజోడు ఉండొచ్చట.

24వ తేదీ, సోమవారం
పొద్దున్నే తోటికోడలు వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

“అక్కా, ఎవరితోనూ అనకు. ఆ డాక్టరమ్మ దగ్గరికి నన్నూ తీసుకెళ్ళవా?”

“తీసుకెళ్తా.”

“నువ్వు కూడా పెట్టుకోవాలి మరి. ఒక్కదాన్నే అయితే నాకు భయం.”

ఎదురెదురుగా కూర్చుని అలవాటు చేసుకోవాలని ఒప్పందం. వెంటనే బీరువా తెరిచాను.

ప్రతిజ్ఞ: ఈ రోజు నుంచి మళ్ళీ మొదలు. దుమ్ము రానీ, ఉల్లిపాయలు రానీ, కళ్ళు ధారలు కట్టనీ. తోటికోడలు తియ్యకముందు నేను చచ్చినా తియ్యను!