నాయన వేలిగుర్తు

అమ్మా, నాయన పోయినప్పటి నుంచి నువ్వు ఫోనెత్తడం లేదు, అందుకే ఈ కార్డు. ఇంజన్ బ్లాకు నుంచి సన్నగా ఆయిలు కారుతోందని మన ట్రాక్టరును ప్రొద్దుటూరు షెడ్డుకు తెచ్చాను. మెకానిక్ మస్తాన్ మామ మడ్డి తుడిస్తే, పగులు మీద నాయన అద్దిన ఎమ్‌సీల్ ముద్ద కనిపించింది. దానిమీద ఆయన బొటనవేలి గుర్తు అట్లే గట్టిపడి ఉంది.

"ఇది గీకేస్తేనే కొత్త అతుకు నిలబడేది" అన్నాడు మామ. వద్దన్నాను.

"కారతానే ఉంటాది మల్ల" అన్నాడు. కారనీ.

ఆదివారం బండి పులివెందులకు తెస్తాను, కింద పెట్టడానికి పాత డబ్బా చూసిపెట్టు. గొర్రెలకు మందు తాపించారా? చెల్లెలు భువనేశ్వరికి నా ఆశీస్సులు. వేళకు ఇంత తిను. నేనొచ్చాక ఆ గుర్తులో నీ వేలు పెట్టి చూద్దువుగాని.

నీ కొడుకు,
ఈశ్వర్